నేల తినే పంట

మొగలిదిబ్బలో రాహేలమ్మలు ముగ్గురు. పాదిరిగారి భార్యను రాహేలమ్మగారు అనేవాళ్లు. చర్చి వెనక ఇంట్లో ఉండే ముసలామెను పెద్ద రాహేలు అనేవాళ్లు. మూడో ఆమె పుల్లల రాహేలు. ఆ పేరు ఆమెకు పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో వచ్చింది. అంతకు ముందు ఆమె ఉత్త ఆదాము పెళ్లామే.

రేపల్లె దగ్గరి నగరం అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది మొగలిదిబ్బ. కృష్ణ కాలువకు అదే చివరి ఊరు. పై ఊళ్లన్నీ తాగగా మిగిలిన నీళ్లు అక్కడికి వస్తాయి, వస్తే. ఊరి కింద మురుగు కాలువ, దాని అవతల మడచెట్లు, వాటి అవతల సముద్రం. ఎనభై మూడులో ప్రభుత్వం మురుగు కాలువ పక్కనున్న పోరంబోకును గూడెంలో పన్నెండు ఇళ్లకు ఇంటికో ఎకరం చొప్పున పంచింది. పంచిన రోజు ఆదాము తాటాకు ఇల్లు నేసే పని మీద రేపల్లెలో ఉన్నాడు. వేలిముద్ర వేయడానికి ఇంట్లో మనిషిని రమ్మంటే రాహేలమ్మ వెళ్లింది. మిషను బడిలో అయిదు దాకా చదివింది కాబట్టి వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టింది. అలా ఎకరం ఆమె పేరున పడింది.

"నా పేరేమో ఆదాము, మట్టేమో నీది," అని మొగుడు నవ్వాడు.

ఆ నేల ఏడు పంటలు పండింది. గొప్పగా కాదు, ఇంటికి సరిపడా. తొంభైలో మే నెల తుపానుకు సముద్రం మురుగు కాలువ ఎక్కి చేలోకి వచ్చింది. రెండు రోజులు కూర్చుంది. పోతూ పోతూ తన ఉప్పు వదిలేసి పోయింది. వారం తర్వాత చేను సున్నం చల్లినట్టు తెల్లగా పేలింది. ఆ ఏడు నాటిన నారు పది రోజుల్లో మాడిపోయింది.

ఏ చేలో ఏ పైరు ఉందో రాసుకునే పుస్తకాన్ని అడంగల్ అంటారు. అది రాసే గ్రామాధికారి నరసింహారావు. కరణీకాలు పోయి ఆరేళ్లయినా ఊరు ఆయన్ని కరణంగారనే పిలిచేది. ఆయన సైకిలు మీద వచ్చి, గట్టున ఒక కాలు ఆనించి, రాహేలమ్మ ఎకరానికి ఎదురుగా "బీడు" అని రాసుకుపోయాడు. గూడెంలో పన్నెండు ఎకరాలకూ అదే రాశాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

రాహేలమ్మ మాత్రం ట్రంకుపెట్టెలోంచి పట్టా కాగితం తీసింది. వెనక వైపు చిన్న అక్షరాల్లో షరతులున్నాయి. వరసగా మూడేళ్లు బీడు పడితే పట్టా రద్దు చేసి భూమి వెనక్కి తీసుకోవచ్చు. అది నాలుగో షరతు.

"ఒకటయింది. ఇంకా రెండున్నయ్యి," అంది మొగుడితో.

ఆ రెండేళ్ల కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇంకొకడున్నాడు. రేపల్లె నుంచి వెంకటరత్నం అనే ఆయన వచ్చి రొయ్యల చెరువులు తవ్వుతానని గూడెం ఎకరాలు ఒక్కొక్కటే కౌలుకు తీసుకున్నాడు. ఆదాము చిన్నాన్న కొడుకు మోషే మొదట ఇచ్చాడు. చూసి మిగతావాళ్లూ ఇచ్చారు. రాహేలమ్మ ఎకరం మురుగు కాలువను ఆనుకుని ఉంది. ఉప్పునీళ్లు చెరువుల్లోకి రావాలంటే దాంట్లోంచే కాలువ తవ్వాలి. ఆమె పట్టా రద్దయితే ఆ కాలువకు అడ్డు చెప్పేవాళ్లుండరు.

వెంకటరత్నం మర్యాదస్తుడు. గుమ్మంలోకి రాకుండా పందిరి కిందే నిలబడ్డాడు.

"అక్కా, సముద్రమే నీ చేలోకి నడిచొచ్చింది. రావద్దంటే వింటదా? ఉప్పుతోనే బతుకుదాం."

"వచ్చిన చుట్టం పోవాల తమ్ముడూ. అన్నం పెట్టామని ఇల్లు రాసిస్తామా?"

"ఎట్టా పంపిస్తావు?"

"వచ్చిన దారినే."

అతను నవ్వి వెళ్లిపోయాడు. తొందరేమీ పడలేదు.

వచ్చిన దారంటే మురుగు కాలువే. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగు నీళ్లు పైకి తంతాయి. పాటు మీదున్నప్పుడు కిందికి లాగుతాయి. రాహేలమ్మ ఆదాముతో కలిసి చేను చుట్టూ గట్టు వేసింది. వాన నీళ్లో కాలువ నీళ్లో నిలవగట్టి, ఇద్దరూ మోకాళ్ల లోతున తొక్కి, పాటు చూసి గండి కొట్టేవాళ్లు. పోటు తిరిగేలోగా పూడ్చేవాళ్లు. గండి దగ్గర నీళ్లు చేత్తో తీసుకుని నాలుక మీద వేసుకుని చూసేది. మొదటిసారి కక్కొచ్చింది. నాలుగోసారికి కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనట్టనిపించింది.

ఉప్పు తగ్గితే చాలదని ఆమెకు తెలుసు. అది పోతూ నేలలో ఉన్న సారం కూడా పట్టుకుపోయింది. పెళ్లికి ముందు ఆరేళ్లు బాపట్ల వ్యవసాయ కాలేజీ ఫారంలో కూలికి పోయింది. చౌడు మడుల్లో అక్కడ ఎరువు కోసం జీలుగ చల్లడం, లేచిన మొక్కను మట్టిలోకి తొక్కేయడం చూసింది. ఎప్పుడు తొక్కాలో మాత్రం చూడలేదు. కూలికి పిలిచిన రోజు పోవడమే గానీ, ఏ రోజు ఎందుకు పిలిచారో కూలీకి ఎవరు చెబుతారు?

తొంభై ఒకటి జూన్‌లో జీలుగ చల్లింది. ఉప్పు నేలయినా జీలుగ లేచింది. నడుం దాకా వచ్చింది, పసుప్పచ్చగా పూసింది, తల దాటి పెరిగింది. మొగలిదిబ్బలో జీలుగంటే పొయ్యిలోకి పుల్ల, దొడ్డికి దడి. అంతకు మించి ఎవరికీ తెలియదు. ఎంత పెద్దదైతే అంత లాభమని అందరూ అనుకునేదే రాహేలమ్మా అనుకుంది. ఎంత ఎదిగితే అంత ఎరువు. ఎనభై రోజులు నిలబెట్టింది. కాయలు గాలికి గలగలలాడుతుంటే కోసి, తొక్కించి, వారం తిరక్కుండా వరి నాటింది.

వరి పసుపెక్కింది. పుల్లలు కుళ్లలేదు. కలుపు తీయడానికి దిగితే కాళ్లకు గుచ్చుకున్నాయి. దసరా నాటికి చేలో నీళ్ల మీద తేలుతున్న పుల్లలు తప్ప మరేమీ లేదు. నరసింహారావు గట్టున కాలు ఆనించాడు.

"ఏంటమ్మా ఇది?"

"జీలుగ వేసి వరి నాటానండి. వరి పోయింది."

"వరి లేదు. జీలుగ పంటా? ఎవరు తింటారు?"

"నేల తింటదండి."

ఆయన నవ్వలేదు. "నేల తినేది రాయడానికి నా పుస్తకంలో గడి లేదమ్మా," అని "బీడు" రాశాడు. మనిషి చెడ్డవాడు కాడు. గడి దాటి రాయడం ఆయనకు చేతకాదు, అంతే.

చేలోంచి పుల్లలు ఏరుకోవడానికి గూడెం ఆడవాళ్లు వచ్చారు. మోషే భార్య ప్రమీల మోపు కట్టుకుంటూ, "అక్కా, ఎకరం పెట్టి పుల్లలు పండించావు. ఊళ్లో ఇంకెవరికి చేతనవుద్ది?" అంది. అందరూ నవ్వారు. రాహేలమ్మే మోపు పైకెత్తి ఆమె నెత్తిన పెట్టింది. ఆదివారానికల్లా పేరు స్థిరపడింది.

ఒక్క పుల్ల మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చూరులో దోపుకుంది.

తొంభై రెండు మే నెలలో ఆ పుల్ల తీసుకుని రేపల్లెలో తెనాలి పాసింజరు ఎక్కింది. తెనాలిలో బండి మారడానికి ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"ఆ పుల్ల ఏంటమ్మా? పామును కొట్టడానికా?"

"కాదు బాబాయ్. జబ్బు చేసింది. డాక్టరుకు చూపించాల."

ఆయన సంచి తీసుకుని అవతలి బెంచీకి జరిగాడు.

బాపట్ల ఫారంలో పాత మనుషుల్లో మిగిలింది మేస్త్రీ సీతారామాంజనేయులు ఒక్కడే. రిటైరవడానికి నెలలున్నాయి. కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఎవరమ్మా?"

"అప్పికట్ల లాజరు కూతుర్నండి. మీ దగ్గర నాట్లేసిందాన్ని."

"నారు కట్టలు లెక్క తప్పి ఏడ్చిన పిల్లవి నువ్వేనా?"

"నేనేడవలేదండి. లెక్క తప్పింది మీరు."

మేస్త్రీ కాసేపు ఆలోచించి, "నిజమే," అన్నాడు. పుల్ల అందుకుని వంచి చూశాడు. విరగలేదు. "మట్టిలో ఉన్నదేనా? ఎన్నాళ్లు నిలబెట్టావు?"

"ఎనభై రోజులండి. కాయ కూడా గట్టిపడింది."

"అయితే ఇది ఎరువు కాదు, కట్టె."

"కట్టెయినా కుళ్లక ఎక్కడికి పోద్దండి?"

"కుళ్లుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులుంటాయి, కంటికి కనపడవు. వాటికీ కూడు కావాలి కదా? లేత ఆకూ కాడా ఉన్న రొట్టయితే వాటి కూడు దాంట్లోనే ఉంటుంది, మిగిలింది పైరుకు వదులుతాయి. కట్టెలో ఏముంది, పిప్పి! అందుకని నీ వరి నోటి దగ్గర ఉన్నదంతా లాక్కుని తిన్నాయి. వరి పసుపెక్కిందా?"

"ఎక్కిందండి."

"మరి!"

బోరు కింద విత్తనానికి వేసిన జీలుగ మడి ఉంది. మేస్త్రీ ఒక మొక్క వేళ్లతో సహా పెరికి ఆమె చేతిలో పెట్టాడు. వేళ్ల నిండా ఆవగింజంతవి, సెనగగింజంతవి బుడిపెలున్నాయి. ఒకటి గోటితో నొక్కమన్నాడు. లోపల ఎర్రగా ఉంది.

"నెత్తురండీ!"

"నెత్తురు లాంటిదే. లోపల పని జరుగుతోందని గుర్తు. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి ఇక్కడ దాచుకుంటుంది. నువ్వు పీల్చే గాలి నాలుగు పాళ్లయితే మూడు పాళ్ల పైన అదే. నీకూ నాకూ పనికిరాదు, పీల్చి వదిలేస్తాం. వరికీ పనికిరాదు. పట్టడం తెలిసింది దీని వేళ్లలో ఉన్న పురుగుకే."

"పట్టింది ఎక్కడికి పోద్దండి?"

"మట్టిలోకి. మట్టిలోంచి వరిలోకి. గడ్డి నీ గేదెకు, గింజ నీకు. మీ ఇద్దరి దగ్గర్నించీ మళ్లీ మట్టికి. కొంత మళ్లీ గాలిలోకే. అది తిరుగుతూనే ఉంటుందమ్మా, నీ చేలో కాపురం పెట్టదు. పోయే దాన్ని ఒక పంటకాలం ఆపుకోవడమే మనం చేసేది."

"ఉప్పో అండి?"

"ఉప్పు కుళ్లదు, కాలదు, ఎగరదు. దాన్ని నీళ్లే తీసుకుపోవాలి."

"పంపిస్తన్నానండి. పాటు చూసి గండి కొడతన్నా."

మేస్త్రీ ఆమెను అప్పుడు సరిగ్గా చూశాడు. "మొదటి పువ్వు కనపడ్డ రోజు కత్తి పట్టుకో. పువ్వు అందంగా ఉంది కదా అని చూస్తూ నిలబడ్డావో, కట్టె అవుతుంది," అన్నాడు.

వచ్చేటప్పుడు రాహేలమ్మ అడిగింది. "జీలుగ పంట కాదని పుస్తకంలో బీడు రాశారండి. ఇంకొక్కసారి రాస్తే చేను పోద్ది."

"జీలుగ అని చెబితే బీడే రాస్తారు. మేమూ జీలుగ అని రాయం. పచ్చిరొట్ట పైరు అని రాస్తాం. మీ కరణంగారి పుస్తకం చివర పైర్ల పేర్లు అచ్చేసి ఉండాలి. చూడమను."

పచ్చిరొట్ట పైరు. తెనాలి దాకా ఒకసారి, తెనాలి నుంచి రేపల్లె దాకా ఇంకోసారి ఆ మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది.

జూన్ వానలకు రెండుసార్లు చేను కడిగి జీలుగ చల్లింది. వరినారుకు ఉప్పు లేని చోటు కావాలి. పాదిరిగారిని అడిగి చర్చి దొడ్లో పోసుకుంది. వెంకటరత్నం తెచ్చిన మట్టి తవ్వే పొక్లెయిను పక్క ఎకరాల్లో గట్లు లేపుతోంది. అది రాహేలమ్మ గట్టు దగ్గరికొచ్చి ఆగేది. డ్రైవరు రోజూ అడిగేవాడు. "ఏం పిన్నీ, ఇటు ఎప్పుడు రమ్మంటావు?"

"నీ బండికి రివర్సు గేరు ఉందిగా, అబ్బాయ్?"

నలభై నాలుగో రోజు మొదటి పువ్వు కనపడింది. ఆ రోజు ఆదివారం, పని ముట్టకూడని రోజు. ఆదాము గట్టు మీద కూలబడి నవ్వాడు. "నీ జీలుగకి పది ఆజ్ఞలు రావే!"

"ఒక్క రోజుకి కట్టె కాదులే," అంది గానీ, గుళ్లో ప్రసంగం సాగినంతసేపూ ఆమె మనసు చేలోనే ఉంది.

సోమవారం తెల్లారేసరికి ఇద్దరూ కత్తులతో దిగారు. ప్రమీల, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తాళ్లు చంకన పెట్టుకుని గట్టు మీదికొచ్చారు.

"అదేంటి అక్కా, పూత మీదుండగా కోస్తావు? నెల ఆగు, వేలెడు లావు పుల్ల అవుద్ది."

"ఈ ఏడు పుల్లల్లేవు ప్రమీలా."

"మరి మా పొయ్యిలోకి?"

"మడచెట్ల కింద బోలెడు ఎండుకంప ఉంది. వస్తే రేపు నేనూ వస్తా, కొట్టుకుందాం. ఇది నేలకి పెట్టా."

"నేలకి పెట్టావా! మాకు లేదు గానీ నేలకుంది," అంది ప్రమీల. ఆ మాట ఊళ్లో రెండు రోజులు తిరిగింది.

కోసింది కోసినట్టే పరిచి తొక్కారు. లేత కాడలు పాదం కింద చితికి, ఆకు బురదలోకి దిగిపోయింది. నీళ్లు నిలవగట్టారు. నాలుగో రోజుకు నీళ్లు నల్లబడ్డాయి. ఆరో రోజుకు గూడెం దాకా కంపు. ఏడో రోజు నరసింహారావు పైర్ల తనిఖీకి వచ్చాడు. వెనకే, పిలిచినట్టుగా, వెంకటరత్నం మోటారుసైకిలు ఆపాడు.

చేలో కనిపించేది ఎకరం నల్లనీళ్లు. పచ్చగా ఒక్క పరక లేదు.

నరసింహారావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఏమ్మా, ఈసారి ఏం పైరు?"

"పచ్చిరొట్ట పైరండి."

ఆయన పెన్సిలు ఆగింది. ఆ మాట ఆమె నోట వస్తుందనుకోలేదు. "ఎవరు చెప్పారు?"

"పుస్తకం చివర పైర్ల పేర్లు అచ్చేసి ఉంటయ్యంట. చూడండి."

ఆయన చూశాడు. వేలు కిందికి జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. వరి, జొన్న, మినుము, పెసర, జనుము. రాహేలమ్మ చేతులు తుడుచుకోకుండా నిలబడింది. ఆఖరి వరసలో వేలు ఆగింది.

"ఉంది," అన్నాడు. అచ్చేసి ఉంటే ఆయనకు పేచీ లేదు. అయినా చేను వైపు చూసి, "పైరు కనపడాలి కదమ్మా. ఇక్కడ నీళ్లు తప్ప ఏముంది?" అన్నాడు.

రాహేలమ్మ వంగి, మోచేతి దాకా బురదలోకి పెట్టి, గుప్పెడు తీసింది. నల్లగా చీకిన కాడలు, వాటికింకా అంటుకుని ఉన్న ఆకు ఈనెలు. గట్టెక్కి ఆయన ముందు చెయ్యి చాపింది. ఆయన సైకిలుతో సహా వెనక్కి జరిగాడు.

"ఇదిగోండి పైరు. వేలితో నొక్కి చూడండి. పోయినేడు పుల్ల విరగలేదు. ఇది వెన్న."

"వద్దమ్మా, వద్దు. కనపడుతోంది."

మోటారుసైకిలు మీద నుంచి వెంకటరత్నం అన్నాడు. "కరణంగారూ, కుళ్లిన చెత్తని కూడా పైరని రాస్తారా?"

"కుళ్లకపోతేనే చెత్త తమ్ముడూ," అంది రాహేలమ్మ.

నరసింహారావు గడిలో నెమ్మదిగా రాశాడు. "పెన్సిలుతో రాశాను. నవంబరులో ఎమ్మార్వోగారు తనిఖీకి వస్తారు. అప్పటికి వరి కనపడితే సిరా. లేకపోతే చెరిపి బీడు."

"చెరిపేది ఉండదండి."

ఆగస్టు పదిహేను దాటాక నాట్లు వేశారు. నారు వేరు పట్టి, మూన తిరిగి పచ్చబడింది. ఆ పచ్చదనం చూసి ఆదాము మాట్లాడటం తగ్గించాడు. నమ్మకం కలిగితే అతను మాట్లాడడు. రాహేలమ్మ మాత్రం రోజుకు రెండుసార్లు గండి దగ్గరికి వెళ్లేది. సెప్టెంబరులో పెద్ద పోటుకు మురుగు ఎగదన్ని కింది మూల గట్టు తెగింది. చూసి పూడ్చేసరికి ముప్పై సెంట్ల మేర ఉప్పునీళ్లు ఎక్కాయి. అక్కడి వరి రెండు వారాల్లో ఎర్రబడి కూలిపోయింది. ఆమె ఏడవలేదు. ఆ ముప్పై సెంట్లకు అడ్డంగా ఇంకో గట్టు వేసింది. పై డెబ్భై సెంట్లను విడదీసి, కింద మూలలో నీళ్లు మార్చి మార్చి కడిగి, మళ్లీ జీలుగ చల్లింది.

"అదును దాటాక ఇప్పుడేంటే?" అన్నాడు ఆదాము.

"ఇది తొక్కడానికి కాదు. విత్తనానికి."

నవంబరులో తనిఖీ జీపు వచ్చింది. ఎమ్మార్వో జీపు దిగలేదు. అద్దంలోంచి చూసి, "అది వరేగా?" అని నరసింహారావును అడిగి, రొయ్యల చెరువుల వైపు పోనిమ్మన్నాడు. రెండేళ్లు ఎదురుచూసిన తనిఖీ అంతే. నరసింహారావు వెనక మిగిలాడు. గట్టు వెంబడి నడిచాడు. పై డెబ్భై సెంట్లలో వరి వెన్ను బరువుకు వంగుతోంది. ఒక కంకి పట్టుకుని గింజ నొక్కి పాలు చూశాడు. మూల దగ్గర ఆగాడు.

"ఇదేంటి? ఇక్కడ వరి లేదు."

"ఉప్పు ఎక్కిందండి. జీలుగ వేశా."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె దిద్దుకుంది. "పచ్చిరొట్ట పైరండి."

నరసింహారావుకు అప్పుడు కొద్దిగా నవ్వు వచ్చింది. జేబులోంచి పెన్ను తీసి విదిల్చి, పెన్సిలు అక్షరాల మీదే సిరాతో రాశాడు. వరి, డెబ్భై సెంట్లు. పచ్చిరొట్ట, ముప్పై. రాహేలమ్మ పక్కకు వచ్చి ఒంగి, సిరా ఆరేదాకా చదువుతూనే ఉంది. బీడు అన్న మాట ఆ వరసలో ఎక్కడా లేదు.

పంట పండుగకు గుళ్లో మొదటి మోపు పెట్టింది. గడ్డి గేదెకు వేసింది. పేడ, పొయ్యి బూడిద, ఊక, అన్నీ తట్టకెత్తి మూల ముప్పై సెంట్లకే చేర్చింది. ఆ మూల తేరుకోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

తొంభై అయిదులో రొయ్యలకు తెగులు వచ్చింది. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నెలలో పాకింది. వెంకటరత్నం చెరువు నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు లారీకెక్కించుకుని రేపల్లె వెళ్లిపోయాడు. పదకొండు ఎకరాలు ఉప్పు గుంటలై మిగిలాయి. మరుసటి ఎండాకాలం మోషే వచ్చి పందిరి కింద నిలబడ్డాడు. వెనక ప్రమీల.

"వదినా, జీలుగ విత్తనాలు కాసిని కావాల."

రాహేలమ్మ గాదె పక్కనున్న గోనెసంచి విప్పింది. కొలిచి, అతని తుండుగుడ్డలో పోసింది.

"ముందు గుంటలు పూడ్చుకో. గట్టు వెయ్యి. నీళ్లు పెట్టి, పాటు చూసి వదులు. నాలుక మీద వేసుకుని చూడు. ఆ తర్వాతే చల్లు."

"సరే వదినా."

"నీ చేలో కూడా ఒక మూల విత్తనానికి వదులు. వచ్చే ఏడు ఇంకొకళ్లు అడుగుతారు."

"సరే."

ప్రమీల గొంతు సవరించుకుంది. "అక్కా, మరి పుల్లలు? ఒక్క మడి నిలబెట్టుకుంటే ఏమవుద్దంటావు?"

రాహేలమ్మ సంచి మూతి బిగించి ముడి వేసింది.

"పువ్వు కనపడ్డ రోజు కబురు పెట్టండి," అంది. "పెట్టకపోయినా వస్తా. కత్తి నాదే తెచ్చుకుంటా."